డాలన్ ఎత్తుకెళ్లిన రెండు బేసులు

మా ఆఫీసు పేరు క్రీడా గుర్తింపు ప్రాధికార సంస్థ. ఒక ఆట, ఆట అవునో కాదో తేల్చడం మా పని. పిల్లలు పరిగెత్తుతున్నారు, చెమటలు కక్కుతున్నారు, గెలిచినవాళ్లు గంతులేస్తున్నారు కాబట్టి అది ఆటే అయి ఉంటుందని జనం తొందరపడి అనేసుకుంటారు. మేము అలా అనుకోము. కబడ్డీ ఫైలు మా దగ్గర ఉన్నంతకాలం ఊళ్లలో ఆడిన కబడ్డీ అంతా నిబంధనల ప్రకారం ఉత్త తోపులాటే. ఈ సంగతి తెలియక చాలామంది కప్పులు కూడా అందుకున్నారు.

మా నిబంధన ఒకటుంది. కొత్త ఆటకు గుర్తింపు కావాలంటే, ఆ ఆట ఇంతకుముందు ఎక్కడైనా సక్రమంగా జరిగినట్టు రుజువు జతచేయాలి. గుర్తింపు లేకుండా జరిగిన ఆట సక్రమంగా జరిగినట్టు కాదు. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కనే ఉంటాయి. వీటిని రాసినాయన పదోన్నతి మీద రాజధానికి వెళ్లిపోయారు.

అలాంటి ఆఫీసుకు ఒకరోజు కొండమీదిపల్లె బాలికల ఉన్నత పాఠశాల నుంచి వన్నూరమ్మ అనే వ్యాయామ ఉపాధ్యాయురాలు వచ్చింది. మెడలో ఈల, చేతిలో అర్జీ. బేస్‌బాల్‌కు గుర్తింపు కావాలట.

"గుర్తింపు ల్యాకపోతే రాష్ట్ర పోటీలే పెట్టరంట గదా సార్," అంది. "నా పిల్లోళ్లు రెండేండ్లుగా ఎండలో ఆడి ఆడి బొగ్గులైనారు. తొమ్మిదిమందిలో ముగ్గురికి ఇదే ఆఖరి సంవత్సరం. పదోతరగతి అయిపోతే ఇండ్లల్లో మల్ల ఆడనియ్యరు సార్. ఒక్కసారన్నా పెద్ద ఆట ఆడల్ల వాళ్లు."

"పూర్వ రుజువు ఏదమ్మా?"

"అమెరికాలో నూరేండ్ల ముందర నుంచి ఆడ్తానే ఉండారు సార్."

"ఆడుతున్నారని మీరంటే చాలదు. ఆడినట్టు కాగితం కనబడాలి."

నాలుగు రోజులకు ఆమె కాగితం తెచ్చింది. 1907లో అక్కడ హార్లో ఫాల్స్, పోర్ట్ డెన్నిస్ అనే రెండు ఊళ్ల జీతగాళ్ల జట్లు ఆడిన ఆట గురించి ఆనాటి పత్రికలో పడిన వార్త. కింద చిన్న అక్షరాల్లో గళ్లుగళ్లుగా అంకెలు. ఎవరెన్ని పరుగులు తీశారు, ఎవరెన్ని కొట్టారు, ఎంతమంది చూశారు, అంపైరెవరు, అన్నీ ఉన్నాయి. నాకు ముచ్చటేసింది. వందేళ్లు దాటిపోయిన ఒక మధ్యాహ్నం ఎవరు ఏం చేశారో ఇవాళ మనకు తెలుస్తోంది. మా ఆఫీసులో నిన్న మధ్యాహ్నం ఎవరు ఏం చేశారో ఎవరికీ తెలియదు.

కాకపోతే అది ఇంగ్లీషులో ఉంది. మా దగ్గర తెలుగులో లేనిది లేనట్టే లెక్క. అందుకని దాన్ని మా భాషాంతరీకరణాధికారి డాక్టర్ మార్కండేయులు గారికి పంపాం. ఆయనకు ఆటలంటే గిట్టదు, నిఘంటువంటే ప్రాణం. ఒక మాటకు నిఘంటువులో మొదట ఇచ్చిన అర్థమే అసలైనదనీ, మిగతావన్నీ తర్వాత కలిసిన కల్తీ అనీ ఆయన నమ్మకం. ఆ నమ్మకంతోనే ఆయన ముప్పై ఏళ్లు సర్వీసు చేశారు.

గుర్తింపు సంఘం సమావేశమైంది. మా ప్రత్యేకాధికారి విరూపాక్షయ్య గారు అధ్యక్ష స్థానంలో కూర్చున్నారు. మార్కండేయులు గారు గొంతు సవరించుకుని తన అనువాదం చదివారు.

"హార్లో ఫాల్స్ వారును పోర్ట్ డెన్నిస్ వారును శనివారమున ఒక వజ్రముపై తలపడిరి. ప్రథమమున పిండి కంచము వద్దకు వచ్చి నిలిచెను. కూజా వానిని కొట్టెను. అంతట పిండి నడచిపోయెను. రెండవ పిండి గబ్బిలమును బలముగా ఊపెను. ఒక దుర్గంధపు ఈగ ఆకాశమునకు లేచెను. జనులు హర్షధ్వానములు చేసిరి. డాలన్ రెండు స్థావరములను దొంగిలించెను. క్రేమర్ ఆత్మార్పణ గావించెను. మర్ఫీ మూడవ స్థావరమందు మరణించెను. అయిదవ భాగమున మర్ఫీ మరల వచ్చి చక్కగా ఆడెను. తుదకు ఏడుగురు స్థావరములపై విడిచిపెట్టబడిరి."

 అధ్యక్షులు గోడ గడియారం వైపు చూశారు.

"ఇదంతయు ఒక్క మధ్యాహ్నమందే జరిగినదా?" అన్నారు విరూపాక్షయ్య గారు.

"అవునండి. చీకటి పడకముందే."

"జనులు హర్షధ్వానములు ఏల చేసిరి? ఈగ లేచినందులకా?"

"మూలంలో కారణం చెప్పలేదండి."

బయట బెంచీ మీద కూర్చున్న వన్నూరమ్మను లోపలికి పిలిపించాం. ఆమె అనువాదం చదివింది. మొదట నవ్వింది. మా ముఖాలు చూసి నవ్వు ఆపుకుంది.

"బ్యాటరంటే పిండి గాదు సార్, బ్యాటు పట్టుకొని కొట్టేటోడు. పిచ్చరంటే కూజా గాదు, బంతి ఇసిరేటోడు. ఫౌల్ ఫ్లై అంటే ఈగ గాదు, గీత బయటికి లేచిన బంతి. నాలుగు మూలల్లో నాలుగు బేసులు పెట్టుకుంటాం, ఆ మైదానాన్నే డైమండంటారు. ఇసిరేటోడు ఏమరుపాటుగా ఉన్నప్పుడు ఒక బేసు నుంచి ఇంకో బేసుకు ఉరికితే, బేసు దొంగిలించినాడు అంటారు. మన మనిషి ముందుకు పోవల్లని తాను ఔటయ్యేటట్ల కొడితే అది శాక్రిఫైసు. మూడో బేసు దాకా పోయి మల్ల ఇంటికి, అంటే మొదలుపెట్టిన బేసుకు, రాకుంటే చచ్చినాడంటారు; వస్తే ఒక పరుగు. విడిచిపెట్టినారంటే ఆట ఆగేసరికి బేసుల మీదే ఉన్నోళ్లని. ఊరికే మాటకు సార్!"

"అమ్మా," అన్నారు మార్కండేయులు గారు శాంతంగా, "మీరు ఆట నేర్పండి. పిండి సంగతి నిఘంటువు చూసుకుంటుంది."

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మా ముద్ర పడిన తర్వాత అనువాదమే మూలం. అసలు మూలం దానికి సహాయక ప్రతి అవుతుంది. కాబట్టి విరూపాక్షయ్య గారు నిర్ణయం చెప్పారు. "సదరు క్రీడయందు సంభవించిన ఘటనలు బహుశాఖలకు సంబంధించినవి అగుటచేత, ఆయా శాఖల నుండి అభ్యంతరము లేదను పత్రము పొందిన పిమ్మటనే గుర్తింపు విషయము పరిశీలించబడును." ఆయన మామూలుగా ఇంట్లో కాఫీ అడిగేటప్పుడు కూడా ఇలాగే మాట్లాడతారని వాళ్లావిడ మా ఆవిడతో అన్నారట.

మొట్టమొదట కదిలింది పోలీసు శాఖ. సీఐ కుళ్లాయప్ప జీపు వేసుకుని కొండమీదిపల్లె బడికే వెళ్లాడు. దారి చూపించడానికి నేనూ వెళ్లాను. పిల్లలు మైదానంలో ఆడుతున్నారు. ఇసుక నింపిన గోనెసంచులు నాలుగు మూలలా బేసులుగా పెట్టి ఉన్నాయి.

"డాలన్ అనేటోడు ఎవరు?" అన్నాడు కుళ్లాయప్ప.

"అమెరికావోడు సార్. ఈపాటికి చచ్చిపోయి ఎన్నేండ్లయిందో," అంది వన్నూరమ్మ.

"అంటే పరారీలో ఉండాడు." రాసుకున్నాడు. "ఎత్తుకుపోయేటప్పుడు ఎవురన్నా చూసినారా?"

"నాలుగు వేలమంది చూసినారంట సార్, పేపర్లో ఉంది."

కుళ్లాయప్ప రాయడం ఆపి తలెత్తాడు. "నాలుగు వేలమంది చూస్తాంటే రెండు ఎత్తుకపోయినాడా! ఏమ్మో, వాడు మామూలోడు గాదు." ఆయన గొంతులో వృత్తిపరమైన గౌరవం కనబడింది. తర్వాత కానిస్టేబుళ్లకు సైగ చేశాడు. వాళ్లు నాలుగు గోనెసంచులూ జీపులోకి ఎత్తారు.

మాబున్నీ అనే అమ్మాయి అడ్డం వచ్చింది. జట్టు కెప్టెను తనే. సన్నగా, పొడుగ్గా, మోచేతుల నిండా దెబ్బలతో ఉంది. "పోయినవి రెండే గదా సార్. నాలుగూ యాల తీసుకపోతాండారు?"

"ఏ రెండు దొంగసొత్తో తేలేదాకా నాలుగూ అనుమానమే పాపా."

ఆ రోజు నుంచి వాళ్లు చెప్పులు బేసులుగా పెట్టుకుని ఆడారు. అప్పుడప్పుడు కుక్క ఒకటి వచ్చి రెండో బేసును నోట కరుచుకుని పోయేది. అది నిజమైన దొంగతనమే అయినా, దాని గురించి ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

విపత్తు సహాయ విభాగం వాళ్లది మంచి మనసు. స్థావరాలపై విడిచిపెట్టబడిన ఏడుగురి గురించి రోజూ సాయంత్రం ఫోను చేసేవాళ్లు. "దిగారాండి?" అనేవాళ్లు. "ఇంకా లేదండి" అనేవాణ్ణి. "ధైర్యంగా ఉండమనండి" అని పెట్టేసేవాళ్లు. గనుల శాఖ, మైదానమంత వజ్రం ఎక్కడ దొరికిందో చెప్పమంది. ఇక పింఛన్ల విభాగానికి మర్ఫీ సంగతి రాస్తే, మూడో స్థావరంలో మరణించిన వ్యక్తి అయిదో భాగంలో మళ్లీ విధుల్లో చేరడం గురించి తమకేమీ ఆశ్చర్యం లేదనీ, అలాంటి కేసులు మన జిల్లాలోనే బోలెడున్నాయనీ, కాబట్టి అభ్యంతరం లేదనీ వెంటనే జవాబిచ్చారు. అంత త్వరగా వాళ్లు జవాబివ్వడం నా సర్వీసులో చూడలేదు.

క్రేమర్ ఆత్మార్పణ మాత్రం విరూపాక్షయ్య గారిని కదిలించింది. సంస్మరణ సభ జరిపి తీరాలన్నారు. క్రేమర్ ఫొటో ఎక్కడా దొరక్కపోతే ఫ్లెక్సీల కుర్రవాడు గడ్డం గీసుకునే బ్లేడు ప్రకటనలోని తెల్లదొరను వేసి ఇచ్చాడు. సగం ముఖానికి నురగ ఉన్నా, త్యాగం కనబడుతూనే ఉంది. "క్రేమర్ మరణించలేదు, మన హృదయాలలో జీవించియే యున్నాడు" అన్నారు విరూపాక్షయ్య గారు మైకులో. మరణించింది మర్ఫీ అని నేను చీటీ పంపాను. దాంతో ఇద్దరికీ కలిపి మౌనం పాటించాం. చివరి వరుసలో పిల్లలు నవ్వాపుకోలేక ఒకరి భుజంలో ఒకరు ముఖం దాచుకున్నారు. దూరం నుంచి చూసినవాళ్లు ఏడుస్తున్నారనుకుని మంచినీళ్లు ఇచ్చారు.

ఇలా ఒక్కొక్క శాఖా దారికొచ్చింది. పోటీల తేదీ దగ్గరపడింది. వన్నూరమ్మ రోజూ వచ్చి మా వరండాలో నిలబడేది. "ఇంగేమన్నా మిగిలిందా సార్?" అనేది. కోప్పడేది కాదు. ఆమె కోప్పడి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

ఆఖరి సమావేశంలో సంతకం పెట్టబోతూ విరూపాక్షయ్య గారు కాగితం కింద భాగం చూశారు. కలం ఆగిపోయింది. "ఈ చివరి గడిలో దోషములు అని ఉన్నది. అయిదు అని ఉన్నది. ఇది యేమి?"

"తప్పులు సార్," అంది వన్నూరమ్మ. "చేతిలోకొచ్చిన బంతిని జారవిడిచినా, ఒక తట్టు ఇసరాల్సింది ఇంకో తట్టు ఇసిరినా, ఎవురు చేసినారో వాళ్ల పేరు మీద రాస్తారు."

"పేరు మీదనా! ప్రజలు చదువు పత్రికయందా!"

"అవును సార్."

"విచారణ జరిపిన పిమ్మటనా?"

"యా విచారణా ల్యా సార్. అప్పుడే రాస్తారు."

"సంజాయిషీ?"

"ఉండదు సార్."

"మరి ఆ వ్యక్తి ఏం చేస్తాడు?" ఈ ప్రశ్న అడిగేటప్పుడు విరూపాక్షయ్య గారు తన మామూలు భాష కూడా మరిచిపోయారు.

"ఏముంది సార్. మల్ల బంతి వస్తాది గదా. దాన్ని పట్టుకుంటాడు."

మార్కండేయులు గారు నెమ్మదిగా నిఘంటువు మూశారు. విరూపాక్షయ్య గారు లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చారు.

"దొంగతనమును సహించితిమి," అన్నారు. "ఒక మరణమును, దాని రద్దును సహించితిమి. దీనిని సహింపజాలము. ఈ బాలికలు రేపు చదువుకొని మన కార్యాలయములకే ఉద్యోగినులై వచ్చెదరు. వచ్చి, తప్పుల గడి ఎక్కడ అని అడిగెదరు. అప్పుడు మీరేమి చెప్పెదరు?"

 

కాబట్టి గుర్తింపు ఇచ్చాం, ఒక సవరణతో. తప్పుల గడి తొలగించబడింది. "ఈ క్రీడయందు తప్పులు సంభవించవు" అని ఉత్తర్వులో చేర్చాం. వన్నూరమ్మ ఆ వాక్యం రెండుసార్లు చదివింది. "ఆడనిస్తే చాలు సార్," అని సంతకం పెట్టేసి బస్సు కోసం పరుగెత్తింది.

రాష్ట్ర పోటీలు మా ఊళ్లోనే పెట్టాం. ఇంత జాప్యం తర్వాత మిగిలినవి రెండే జట్లు: కొండమీదిపల్లె, గోదావరి జిల్లా. అందుకని మొదటి ఆటే ఫైనలైంది. స్కోరు రాసే బాధ్యత నాకిచ్చారు. షామియానా కింద బల్ల, కుర్చీ, మజ్జిగ.

ఎందుకో గానీ నేను కూడా ఆటలో పడిపోయాను. పిల్లలు దుమ్ములో జారుతున్నారు, అరుస్తున్నారు, పడి లేచి నవ్వుతున్నారు. మాబున్నీ రెండు బేసులు దొంగిలించినప్పుడు బందోబస్తుకు వచ్చిన కుళ్లాయప్ప కూడా టోపీ తీసి ఊపాడు. చివరి భాగానికి వచ్చేసరికి మనవాళ్లు ఒక్క పరుగు ముందున్నారు. గోదావరి వాళ్లకు ఇంకొక్కరు ఔటైతే ఆట అయిపోతుంది. అప్పటికే వాళ్ల అమ్మాయిలిద్దరు బేసుల మీద కాచుకుని ఉన్నారు. కొట్టే అమ్మాయి బంతిని ఆకాశంలోకి లేపింది. అది తిన్నగా మాబున్నీ వైపే వచ్చింది. పట్టుకుంటే గెలుపే. వన్నూరమ్మ ఈల నోట్లో పెట్టుకుని ఊదడం మరిచిపోయింది.

బంతి మాబున్నీ చేతుల్లో పడింది, జారింది, నేలమీద దొర్లింది. ఆ లోపల వాళ్లిద్దరూ చుట్టేసి ఇంటికి చేరారు.

గోదావరి పిల్లలు గాల్లోకి ఎగిరారు. మాబున్నీ చెయ్యెత్తింది. "నా తప్పే!" అని గట్టిగా అరిచింది. కళ్లు తుడుచుకుంటూనే వాళ్ల కెప్టెను దగ్గరికి నడిచి చెయ్యి కలిపింది.

నేను కలం పట్టుకుని గళ్లు చూశాను. తప్పుకు గడి లేదు. తప్పులు సంభవించవు కాబట్టి బంతి జారలేదు. జారకపోతే పట్టుకున్నట్టే. పట్టుకుంటే ఆ అమ్మాయి ఔటు, ఆట ముగిసింది, ఆ రెండు పరుగులు లేవు. కొండమీదిపల్లె గెలిచింది. నిబంధనలు నన్ను చెయ్యిపట్టుకుని ఆ మాట దాకా తీసుకెళ్లాయి.

గోదావరి కెప్టెను పరుగెత్తుకొచ్చింది. "ఏవండీ, బంతి కింద పడిపోయిందండి! మీరూ చూశారు కదండీ!"

"చూశానమ్మా. చూసినదానికి గడి లేదు."

సన్మాన సభలో విరూపాక్షయ్య గారు మాబున్నీకి కప్పు ఇచ్చి, ఒక్క దోషమూ లేకుండా సాధించిన విజయమని కొనియాడారు. రెండు మాటలు మాట్లాడమని మైకు ఇచ్చారు. ఆ పిల్ల కప్పును చంకలో పెట్టుకుని, "మేము ఓడిపోయినాం సార్," అంది. "బంతి నేను జారవిడిచినా. అందరూ చూసినారు. వాళ్లు బాగా ఆడినారు."

విరూపాక్షయ్య గారు అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు. "ఎంతటి వినయము!" అన్నారు. సభంతా చప్పట్లతో మారుమోగింది. నేను సభా వివరాల్లో 'వినయం' అని రాసుకున్నాను. చెవులు వేడెక్కాయి. ఎండ వల్లననుకుంటాను, సభ జరిగింది హాల్లోనే అయినా.

సభ అయ్యాక మాబున్నీ నా బల్ల దగ్గరికి వచ్చింది. కప్పు బల్ల మీద పెట్టి నా వైపు తోసింది.

"సార్, ఇది మీరే పెట్టుకోండి. మా ఓటమి మాకు రాసిచ్చేయండి."

"ఓటమి దేనికమ్మా?"

"నాకు ఇదే ఆఖరాట సార్. ఇంగ ఆడనియ్యరు. వచ్చే సంవత్సరం చిన్న పిల్లోళ్లు వస్తారు. యాడ జారిందో, ఎట్ల జారిందో వాళ్లకు చెప్పల్ల గదా. మేము గెల్చినామని మీరు రాసినంక వాళ్లకేం నేర్పాల? ఆ ఓటమితో మాకు పనుంది సార్."

ఫైలు తిరగేశాను. నిబంధనలన్నీ చూశాను. నిజంగానే చూశాను, ఆ పిల్ల అక్కడే నిలబడి ఉంది. కప్పు విరిగితే బాగుచేయించే వీలుంది. సర్టిఫికెట్టు పోతే నకలు ఇస్తాం. ఓటమిని తిరిగి ఇచ్చే అధికారం మాత్రం మా ఆఫీసులో ఎవరికీ లేదు.